నూనె అందని రంపం

నా చిన్నప్పుడు మా బాపు ఒకే ఒక్క ఆదివారం ఆరాధనకు రాలేదు. జ్వరం వచ్చినా గొంగడి కప్పుకొని వచ్చి వెనుక వరుసలో కూర్చునే మనిషి, ఆ రోజు మాత్రం ఇంటి ముందు గోనెసంచి పరుచుకొని, దాని మీద ఒక యంత్రాన్ని విప్పుకొని కూర్చున్నాడు. ఆ ఆదివారం గురించి, మరునాటి సోమవారం గురించి ఎవరికైనా చెప్పాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

నాకప్పుడు పదేళ్లుంటాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్లయింది. గోదావరికి ఇవతల, బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లు ముగిసిన చోట పెంకుటిళ్ల వరుస ఒకటి ఉండేది. అందులో మాదొక ఇల్లు. మా వాళ్లది హుజూరాబాద్ దగ్గర పల్లె. అక్కడ పనులు లేక, పెళ్లయిన కొత్తలోనే బాపు ఇటు వచ్చి, ఒక సేఠు కర్ర డిపోలో రంపం పనికి కుదిరాడు. గనిలో బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెడతారు. అడవి నుంచి వచ్చిన దుంగలను ఆ కొలతకు కోసి పంపడమే డిపో పని.

పెద్ద రంపానికి రెండు వైపులా పిడులుంటాయి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు వదలాలి. బాపుకు ఎదురుగా అవతలి పిడి పట్టే మనిషిని నేను చాచా అనేదాన్ని. ఆయన ఖానాపూర్ వైపు నుంచి వచ్చిన తురకాయన, మాకు నాలుగిళ్ల అవతల ఉండేవాడు. బాపు కంటే పదేళ్లు పెద్ద. బాపును తమ్మీ అని పిలిచేవాడు, బాపు ఆయనను భాయ్ అనేవాడు. పన్నెండేళ్ల పాటు ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే రంపం లాగారు. బడికి పోయే దారిలో నేను డిపో గేటు దగ్గర ఆగి చూసేదాన్ని. ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా ఉండేది కాదు, అయినా ఇద్దరూ ఒకేసారి ఆగేవారు, ఒకేసారి మళ్లీ మొదలుపెట్టేవారు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే సేఠు నాగపూర్ నుంచి మిషన్ రంపం తెప్పించాడు. పెట్రోలుతో నడుస్తుంది. పొడుగాటి ఇనుప పట్టీ, దాని అంచు చుట్టూ పళ్లున్న గొలుసు. మిషన్ నడిస్తే ఆ గొలుసు గిరగిర తిరిగి, ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ పావుగంట కోసే దుంగను రెండు నిమిషాల్లో కోసేస్తుంది. మిషన్‌తో పాటు వచ్చిన మెకానిక్ రెండు రోజులుండి, సగం హిందీ, సగం మరాఠీ కలిపి బాపుకు పని నేర్పి వెళ్లిపోయాడు. గొలుసు తిరిగినంతసేపూ దానికి నూనె అందాలని మరీ మరీ చెప్పాడట. అందుకోసం రంపానికే ఒక చిన్న నూనె టాంకీ, దానికి మరతో బిగించే మూత ఉన్నాయి. పిడి దగ్గర ఒక గుండీ ఉంది. కోస్తూ కోస్తూ బొటనవేలితో గుండీ నొక్కితే నూనె గొలుసు మీదికి వెళ్తుంది. నూనె అందకపోతే గొలుసు, పట్టీ రెండూ వేడెక్కి కాలిపోతాయి. రంపం పట్టే పని బాపుది. పొద్దున్నే టాంకీలో నూనె పోయడం, దుంగలకు కొలత గీతలు గీయడం చాచా పని.

మిషన్‌ను పక్కకు వంచినప్పుడల్లా మూత దగ్గర నూనె కారేది. బాపు అంగీలన్నీ మరకలయ్యాయి. నూనె వృథా అవుతోందని సేఠు కూడా సణిగాడు. అప్పుడు బాపు పాత సైకిలు ట్యూబును మూత కొలతకు గుండ్రంగా కత్తిరించి, ఆ బిళ్లను మూత లోపల అతికించినట్టు కూర్చాడు. కారడం ఆగిపోయింది. మెకానిక్‌కు తట్టనిది నీకు తట్టిందని సేఠు నలుగురిలో మెచ్చుకున్నాడు. బాపు ఆ ముచ్చట ఇంట్లో రెండు రోజులు చెప్పుకున్నాడు.

రెండు వారాలు గడిచాక కష్టం మొదలైంది. రంపం బాగానే కోస్తూ కోస్తూ ఉన్నట్టుండి పొగ వేసేది. చూస్తే గొలుసు ఎండిపోయి ఉండేది. టాంకీ మూత తీస్తే లోపల నూనె నిండుగా కనిపించేది. మళ్లీ మూత బిగించి నడిపితే కాసేపు నూనె వచ్చేది, తర్వాత మళ్లీ ఆగిపోయేది. నాలుగు రోజుల్లో పట్టీ కాలి నీలంగా మారింది, గొలుసు తిరిగే గాడి నోరు తెరుచుకుంది. సేఠు దగ్గర ఇంకొక్క పట్టీ మాత్రమే ఉంది. శనివారం నాడు అది కూడా పొగ వేయడంతో సేఠు ఓపిక అయిపోయింది. సోమవారం పొద్దుటికల్లా బాగైతే సరి, లేకపోతే మిషన్‌ను నాగపూర్ పంపించేస్తాను, దాన్ని పాడు చేసినవాళ్లు కూడా డిపోకు రానక్కర్లేదు అన్నాడు.

అప్పుడు మా బాపు ఒక మాట అన్నాడు. పదిమంది కూలీలు చుట్టూ ఉన్నారు. నేను బడి నుంచి వస్తూ గేటు దగ్గర నిలబడి ఉన్నాను.

"నేను కోసుడే చేస్త సేఠ్. నూనె పోసేది భాయ్. ఏం నూనె పోస్తుండో, ఎట్ల పోస్తుండో నాకెట్ల ఎరుక?"

చాచా తల తిప్పి బాపు వైపు చూశాడు. చేతిలోని సుద్దముక్కను దుంగ మీద పెట్టి, భుజం మీది తువ్వాలు దులుపుకొని గేటు దాటి వెళ్లిపోయాడు. నా పక్కనుంచే వెళ్లాడు. రోజూ నా జడ లాగి వెళ్లే మనిషి ఆ రోజు నన్ను చూడనే లేదు. ఇంక నువ్వు రావద్దు అని సేఠు వెనుక నుంచి అరిచాడు.

మిషన్‌ను సైకిల్ మీద కట్టుకొని బాపు ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రం అన్నం ముందు ప్రార్థన చేయడం కూడా మరిచిపోయాడు.

ఆదివారం మేం లేచేసరికే గోనెసంచి మీద రంపం ముక్కలు ముక్కలుగా ఉంది. ఐతారం నాడు పని ముట్టుకుంటారా అని అవ్వ, అదే మా అమ్మ, నెమ్మదిగానే అడిగింది. "మరి రేపు నీ బిడ్డలకు ఎవడు పెడతడు?" అని బాపు కసిరాడు. అవ్వ, నేను ఆరాధనకు వెళ్లొచ్చాం. పాటలు పాడుతున్నంతసేపూ దూరంగా రంపం మోత లేచి ఆగుతూ, లేచి ఆగుతూ వినిపించింది. పాస్టరు గారు అవ్వను ఏమీ అడగలేదు గానీ, వెళ్లేటప్పుడు మా ఇంటి వైపు ఒకసారి చూశారు.

మేం వచ్చేసరికి మా చిన్నమ్మ వచ్చి ఉంది. ఆమె మా అవ్వకు చెల్లెలు, కరీంనగర్ వైపు క్రైస్తవ మిషనరీల దవాఖానలో నర్సు. నెలకొక ఆదివారం సెలవు దొరికితే, లక్సెట్టిపేట మీదుగా వచ్చే బస్సు ఎక్కి మా దగ్గరికి వచ్చేది. వచ్చిందంటే నాకు తల దువ్వి రెండు జడలు వేయడం ఆమె పని.

బాపు నన్ను నూనెగిన్నె పట్టుకొని కూర్చోమన్నాడు. ఆ రోజు ఆయన చేయని పని లేదు. గొలుసును గాసునూనెలో, అంటే కిరోసిన్‌లో కడిగాడు. పట్టీకి ఉన్న నూనె రంధ్రంలో సన్నని తీగ పెట్టి పొడిచాడు, రంపపు పొట్టు ముద్దలు ముద్దలుగా వచ్చింది. దాంతో బాగైందనుకొని అంతా బిగించి, మెకానిక్ నేర్పినట్టు ఒక పాత వార్తాపత్రికను దుంగకు ఆనించి, దాని ముందు రంపం కొన పట్టి నడిపాడు. నూనె అందితే కాగితం మీద సన్నటి నూనె గీత పడాలి. పడింది. బాపు ముఖం వెలిగింది. కాసేపు నడిపాక గీత చుక్కలైంది, చుక్కలు ఆగిపోయాయి, పొగ వాసన వచ్చింది.

నూనె చిక్కనయిందేమోనని పలచటి నూనె పోశాడు. మొదట గీత పడింది, తర్వాత ఆగింది. గుండీ విప్పి, లోపలి స్ప్రింగు తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. మొదట గీత పడింది, తర్వాత ఆగింది. ప్రతిసారీ మూత తీసి చూస్తాడు, టాంకీ నిండుగా ఉంటుంది. అసలు పని చేయకపోతే ఇంత బాధ లేకపోయేది. ఆశపెట్టి, ఆశపెట్టి ఆగిపోతుంటే మనిషి పిచ్చివాడైపోతున్నాడు. చివరకు చేతిలోని పానా విసిరేస్తే అది వెళ్లి నీళ్ల కుండకు తగిలింది. కుండ పగిలి నీళ్లు గడప దాకా పారాయి. అవ్వ పెంకులు ఏరుకుంది.

నాకు ఒక సంగతి తెలుసు. బాపు మూత తిప్పినప్పుడల్లా లోపల నుంచి స్స్ అని సన్నటి చప్పుడు వచ్చేది. నేను గిన్నెతో దగ్గరగా కూర్చున్నాను గనుక నాకు వినిపించేది. వారాల తరబడి ఆ మోతలో పనిచేసిన బాపు చెవులకు అది వినిపించలేదు. "బాపూ, మూత తీస్తుంటే ఏదో సప్పుడైతున్నది" అన్నాను. నోరు మూసుకొని గిన్నె సరిగా పట్టుకోమన్నాడు. రెండోసారి చెబితే, "నువ్వు గూడ నాకు మెకానిక్‌వైనవా?" అని గిన్నె లాక్కొని నన్ను అక్కడి నుంచి పొమ్మన్నాడు. ఏడుపు వచ్చింది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది. నిన్న చాచా, ఇవాళ నేను, అనుకున్నాను.

ఇంటి వెనుక చిన్నమ్మ నా జడ విప్పుతూ ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆమె దువ్వెన ఆపి, ఆ చప్పుడు ఎట్లా ఉందో చేసి చూపించమంది. చేసి చూపించాను. మూత తీసేటప్పుడేనా, పెట్టేటప్పుడు కూడానా అని అడిగింది. తీసేటప్పుడే అన్నాను. సగం అల్లిన జడతోనే నన్ను చేయి పట్టుకొని ముందుకు తీసుకొచ్చింది.

"బావా, ఒక్కటి అడుగుత, కోపం చెయ్యకు. నూనె మొదటి నుంచే వస్తలేదా, వచ్చి వచ్చి ఆగుతున్నదా?"

"వచ్చి ఆగుతున్నది. పొద్దటి నుంచి గదే మొత్తుకుంటున్న."

"ఆగినంక నువ్వేం చేస్తున్నవు?"

"ఏం చేస్త? మూత తీసి చూస్తున్న. మళ్ల పెట్టి నడిపిస్తే మళ్ల కొంచెం సేపు వస్తది."

చిన్నమ్మ గడప మీద కూర్చుంది. "మా దవాఖానల సెలైన్ సీసా గూడ గిట్లనే సతాయిస్తది. సీసాల నీళ్లు కిందికి దిగాల్నంటే లోపలికి గాలి పోవాలె బావా. గందుకే మూతకు రెండు సూదులు గుచ్చుతం, నీళ్లకొకటి, గాలికొకటి. గాలి సూది మూసుకపోతే సీసా నిండుగనే ఉంటది, చుక్క మాత్రం దిగది. మీ మిషన్ సంగతి నాకు తెల్వది. పిల్ల ఏదో సప్పుడు ఇన్నదట, జర అడుగు."

బాపు నా వైపు చూశాడు. ఏమీ అడగకుండా రంపం నడిపాడు. కాగితం మీద గీత ఆగేదాకా నడిపి, ఇంజను ఆపేసి, మోకాళ్ల మీద వంగి చెవిని మూతకు ఆనించి మెల్లగా తిప్పాడు. స్స్ అంది. బాపు మూతను తిరగేసి చూశాడు. లోపల తాను కత్తిరించి పెట్టిన సైకిలు ట్యూబు బిళ్ల ఉంది. ఇన్నాళ్లూ నూనెలో నాని, ఉబ్బి, మూతకు అంటుకుపోయింది. చాకు మొనతో దాన్ని పెకిలించి మూతను ఎండకు ఎత్తి పట్టాడు. మూత మధ్యలో గుండుసూది పట్టేంత రంధ్రం, అందులోంచి వెలుతురు. అది మిషన్ చేసినవాళ్లు గాలి పోవడానికి పెట్టిన దారి. కారుతోందని బాపు మూసేసింది ఆ దారినే.

ఆయనకు అర్థమైంది. చిన్నమ్మకూ అర్థమైంది. ఆమె బాపు ముఖం వైపు చూడలేదు. "రా, జడ సగంలనే ఉన్నది" అని నన్ను పిలుచుకొని వెనుకకు నడిచింది. ఒక తప్పు చేసిన మనిషి ముందు నిలబడి, అతని ముఖంలోకి చూడకుండా ఉండడం కూడా దయే అని అప్పుడు నాకు తెలియదు.

బిళ్ల లేకుండా మూత పెట్టి బాపు రంపం నడిపాడు. కాగితం తడిసి చినిగేదాకా గీత పడుతూనే ఉంది. పొద్దంతా మేం ఎదురుచూసింది దానికోసమే. ఎవ్వరికీ సంతోషం కలగలేదు. బాపు ఆ బిళ్లను జేబులో వేసుకొని, చేతులు కడుక్కోకుండానే మంచం మీద కూర్చున్నాడు.

అవ్వ దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "దేవుడు చూసిండు, మిషన్ బాగైంది. రేపు సేఠుకు గంతే చెప్పు. ఎట్ల బాగైందని ఎవ్వరడుగుతరు? నాలుగు దినాలైనంక భాయ్‌ని గూడ మళ్ల తీసుకొమ్మని అడుగుదువు."

అందులో న్యాయం లేకపోయినా తెలివి ఉంది. ఇంటి వెనుక చిన్నమ్మ నా జడ ముగిస్తూ, నాకు చెబుతున్నట్టుగా తన సంగతి ఒకటి చెప్పింది. ఆమెది పెద్ద గొంతు కాదు. కానీ మా ఇల్లు కూడా పెద్ద ఇల్లు కాదు.

ఆమె నర్సు చదువుతున్న మొదటి ఏడాది, వాంతులతో నీరసించిన ఒక బాలింతకు సెలైన్ ఎక్కిస్తుంటే మాటిమాటికీ ఆగిపోయిందట. ఆమె మూడుసార్లు సూది తీసి మళ్లీ గుచ్చింది. బాలింత చేయి వాచిపోయింది. పెద్ద నర్సమ్మ వచ్చి గద్దిస్తే, ఊడ్చే ఆయా సీసా స్టాండును కదిపింది, అప్పటి నుంచే ఇట్లా ఉంది అని చెప్పేసింది. తర్వాత చూసుకుంటే, గాలి సూదిలో దుమ్ము పడకూడదని తానే కూరిన దూది తడిసి ముద్దై దారి మూసేసింది. బాలింత బతికింది. ఆయాను పనిలోంచి తీసేశారు.

"రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. చెప్పేటాల్లకు ఆమె ఊరిడిచి పోయింది" అంది చిన్నమ్మ. "మనం బాగుచేసినమనుకున్న తావుల తప్పుంటదని ఎవ్వరికి తోస్తది బిడ్డా? గది తోచకపోవుడు తప్పు గాదు. తెలిసినంక ఊకుండుడే తప్పు. ఇప్పటికి గూడ కొత్త ఊరికి పోతే ఆమె మొఖం కోసం చూస్త."

ముందువైపు మంచం కిర్రుమంది. బాపు చెంబుతో నీళ్లు పోసుకొని చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. అంగీ మార్చుకున్నాడు. బిళ్లను పాత అంగీ జేబులోంచి కొత్త అంగీ జేబులోకి మార్చుకోవడం చూశాను. "బిడ్డా, నడువు" అన్నాడు. ఎందుకు నన్ను రమ్మన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక్కడే నాలుగిళ్లు దాటలేకపోయాడేమో.

చాచా ఇంటి ముందు పాత చేతిరంపాన్ని గోనెపట్టాలో చుడుతున్నాడు. పక్కన ఒక మూట ఉంది. ఖానాపూర్ వైపు అడవిలో కర్ర కొట్టే పని ఉందని విన్నాడట, పొద్దున బస్సుకు వెళ్లడానికి తయారవుతున్నాడు. మమ్మల్ని చూసి చాచీ లోపలికి వెళ్లిపోయింది. చాచా తాడు కడుతూనే ఉన్నాడు.

బాపు జేబులోంచి బిళ్ల తీసి చేతిలో పెట్టుకొని చూపించాడు. "భాయ్, నీ నూనెల ఏం లేకుండె. గిది నేను కోసి పెట్టిన బిళ్ల. గాలి పోయే తొవ్వ మూసింది. తప్పు నాది."

చాచా బిళ్లను ముట్టుకోలేదు. తాడు ముడి బిగించి, తలెత్తాడు. "సేఠు అన్నందుకు నాకు బాధ లేదు తమ్మీ. ఆయన ఇయ్యాల ఉంటడు, రేపు పోతడు. పన్నెండేండ్లు నా మొఖం చూసుకుంట రంపం గుంజినవు. ఏం నూనె పోస్తుండో ఎరుక లేదంటివి."

"తప్పే భాయ్."

"నాకు చెప్తే ఏమైతది? పదిమందిల అన్నవు గదా. ఆ పదిమందిల చెప్పు."

అంతే, మళ్లీ తాడు వైపు తిరిగాడు. కూర్చోమనలేదు, నాకు బెల్లం ముక్క పెట్టలేదు. తిరిగి వస్తుంటే బాపు నా చేయి పట్టుకున్నాడు.

సోమవారం పొద్దున నేను పుస్తకాల సంచితో ఆయన వెనుకే నడిచాను. బడి డిపో దాటాకే గనుక ఎవరూ ఏమీ అనలేదు. గేటు దగ్గర ఆగిపోయాను. కూలీలంతా పనికి వంగబోతున్నారు. సేఠు రేకుల కింద కుర్చీలో కూర్చొని ఉన్నాడు. రోడ్డుకు అవతల, బస్సు ఆగే చోట చాచా మూట మీద కూర్చొని ఉన్నాడు. వచ్చి వినాలని వచ్చాడో, బస్సు కోసమే వచ్చాడో తెలియదు.

బాపు రంపాన్ని దించి, "సేఠ్, ఒక మాట" అన్నాడు. మిషన్ నడుస్తుందా అని సేఠు అడిగాడు. నడుస్తుందన్నాడు. అయితే ఇంకేం, లారీ వచ్చే వేళయింది, పని మొదలుపెట్టు అన్నాడు సేఠు. ఆ మాటతో అంతా ముగిసిపోయి ఉండేది. బాపు అక్కడే నిలబడ్డాడు. మొన్న మిషన్ ఎందుకు ఆగిందో చెప్పాలె సేఠ్ అన్నాడు. బాగైంది గదా, ఎందుకైతే నాకేంది అన్నాడు సేఠు. ఎవరో కూలీ నవ్వాడు. బాపు మెడ ఎర్రబడింది. మూడోసారి నోరు తెరిచాడు, మాట రాలేదు. దుంగలు మోసే మనిషి, ఒక్క మాటను ఎత్తలేక అట్లా నిలబడడం చూస్తుంటే, పరుగెత్తి వెళ్లి ఆయన బదులు నేనే చెప్పేయాలనిపించింది.

"జర నా మాట పూర్తిగ ఇనుండ్రి" అన్నాడు చివరికి. "భాయ్ మంచి నూనెనే పోసిండు. మూతల రబ్బరు పెట్టి పాడు చేసింది నేను. పట్టీ కాలింది నాతోని. మొన్న మీ అందరి ముందట భాయ్ మీదికి తోసింది గూడ నేనే."

సేఠు బాపును చూసి, రోడ్డు వైపు వేలు చూపించి చాచాను పిలుచుకు రమ్మన్నాడు. బాపును మాత్రం మిషన్ ముట్టుకోవద్దన్నాడు. వానలు వెళ్లేదాకా బాపు లారీలకు కర్రలు ఎత్తాడు. భుజాల తోలు లేచిపోతే రాత్రి అవ్వ వెన్న రాసేది. బాపు ఒక్కరోజు కూడా సేఠును తిట్టలేదు.

చాచా పనిలో చేరాడు గానీ మా ఇంటికి రావడం మానేశాడు. వానలు వెళ్లాక మిషన్ మళ్లీ బాపు చేతికి వచ్చింది, నూనె పోసే పని మళ్లీ చాచాకే వచ్చింది. అప్పటి నుంచి చాచా ఒక అలవాటు చేసుకున్నాడు. పొద్దున నూనె పోశాక మూత పెట్టకుండా ఆగి, డిపో అంతా వినిపించేటట్టు "వచ్చి చూసుకో తమ్మీ" అని పిలిచేవాడు. అది ఎగతాళో, కోపమో, దగ్గరితనమో నాకు ఎన్నడూ తెలియలేదు. బాపు మాత్రం ఎక్కడున్నా వచ్చి, టాంకీలోకి వంగి చూసి, "మంచిగున్నది భాయ్" అనేవాడు. అట్లా ఎన్నేళ్లో. పాత రోజులు పూర్తిగా తిరిగి రాలేదు. బాపు చనిపోయినప్పుడు మాత్రం సమాధుల తోటలో మొదటి పార మట్టి చాచానే వేశాడు.

నేను టీచరునై ముప్పై ఏళ్లకు పైగా పని చేశాను. తప్పు చేసి ఒప్పుకోవడానికి వచ్చిన పిల్లలను ఎంతోమందిని చూశాను. ఇంట్లో కొడుకులు, కోడళ్లు, ఒకసారి నా భర్త కూడా అట్లా నా ముందు నిలబడ్డారు. వాళ్లు సగం చెప్పగానే మిగతా సగం మనకు తెలిసిపోతుంది. సరేలే పో అనాలనిపిస్తుంది, లేదా నాకు ముందే తెలుసు అనాలనిపిస్తుంది. నేను ఆ రెండూ అనను. చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి కూర్చుంటాను. వాళ్ల గొంతు ఆగితే ఆగనిస్తాను. చివరి మాట వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా అడ్డుపడకుండా వింటాను.